బియ్యం ఎవరి జీతంలోది

అది ఎనభై మూడో సంవత్సరం చలికాలం. నిజామాబాద్‌లో మా ఆఫీసు ఒక పాత మేడ మీద ఉండేది. నా ఉద్యోగం పేరు ఇన్వెస్టిగేటర్. ఆ పేరు విని మా చుట్టాలు నేనేదో దొంగలను పట్టుకుంటానని సంబరపడేవారు. నిజానికి కార్మికుల ఇళ్లకు వెళ్లి ఏం కొంటున్నారు, ఏం తింటున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది అని అడిగి రాసుకోవడమే నా పని. మన ఇంటికి ఎవరైనా వచ్చి ఇలా అడిగితే మొహం మీదే తలుపు వేస్తాం. వాళ్లు మాత్రం కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేవారు.

ఈ ఆరా అంతా దేనికంటే, ధరలు పెరిగినప్పుడు జీతంతో కలిపి ఇచ్చే కరువు భత్యం, అంటే డి.ఎ., ఇండెక్స్ అనే ధరల సూచీని బట్టి పెరుగుతుంది. ఆ సూచీకి రెండు కావాలి. ఒకటి బజారులో ధర. రెండోది, కార్మికుడి ఇల్లు ఏ సరుకు మీద ఎంత ఖర్చు పెడుతుందన్న సంగతి. ఎక్కువ ఖర్చయ్యే సరుకుకు లెక్కలో ఎక్కువ బరువు ఇస్తారు. దాన్ని వెయిట్ అంటాం. ఇళ్లవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే ఆ వెయిట్ తప్పుతుంది. అప్పుడు బియ్యం ధర మండిపోయినా సూచీ మండదు, జీతం కదలదు. ఒక్క ఇంటికి కాదు, అందరికీ. పైగా ఈ ఇళ్ల సర్వే మళ్లీ మళ్లీ జరిగేది కాదు. ఒకసారి రాసింది ఏళ్ల తరబడి నడుస్తుంది. ఈ సంగతి అర్థమైన నాటి నుంచి నాకు మనసు స్థిమితంగా ఉండేది కాదు. మామూలుగానే నేను పొయ్యి ఆర్పానో లేదోనని బస్టాండు నుంచి వెనక్కి పరుగెత్తే మనిషిని.

ఆసారి నా వంతుకు బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీ కార్మికుల ఇళ్లు వచ్చాయి. ఏ ఇంటికి వెళ్లాలో చీటీలు తీసి ముందే నిర్ణయిస్తారు. మనకు నచ్చిన ఇంటికి వెళతామంటే కుదరదు. బస్సు దిగగానే చెరుకు పాకం వాసన ముక్కులో దూరేది. గానుగ సీజన్ కావడంతో చెరుకు బండ్లు రోడ్డు పొడవునా ఆగి ఉండేవి. చాయ్ హోటల్లో కూర్చున్నా, గేటు ముందు నిలబడ్డా కొత్త జీతాల ఒప్పందం మాటే వినిపించేది. ఎంత పెంచుతారు, ఎప్పుడు పెంచుతారు అని అందరి మొహాల్లోనూ ఒకటే ఆదుర్దా.

చీటీలో వచ్చిన ఇళ్లలో నర్సయ్యది ఒకటి. ఫ్యాక్టరీలో పర్మినెంటు కార్మికుడు, చక్కెర ఉడికే చోట పని. నేను వెళ్లేసరికి ఉతికిన చొక్కా వేసుకుని గడపలో ఎదురుచూస్తున్నాడు.

"రాండ్రి మేడం, కూసోండ్రి. ఏమడుగుతరో అడుగుండ్రి, దాసేది ఏం లేదు."

దాచేది లేదని ముందే చెప్పేవాళ్లంటే నాకు ఎప్పుడూ అనుమానమే. అయినా అడగడం మొదలుపెట్టాను.

"ఏ బియ్యం తింటారు?"

"సన్నబియ్యం మేడం. దొడ్డుబియ్యం మా ఇంట్ల ఎవలు ముట్టరు."

"మాంసం?"

"వారానికొక్కపారి ఐతారం కూర ఉండాల్సిందే. పోరగాండ్లు ఊకోరు."

అతని భార్య గంగామణి లోపలి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. అతను సన్నబియ్యం అన్నప్పుడు ఆమె ఒక్కసారి అతని వైపు చూసి, నేల వైపు చూసింది.

"ఇంట్లో ఇంకెవరైనా సంపాదిస్తారా?"

"ఎవలు లేరు. నా పగార్లనే ఎల్లుతది. ఆడోళ్లను పనికి తోలే ఇల్లు గాదు మాది."

నేను నిజామాబాద్‌లో బీడీలు చేసే గల్లీలో పుట్టి పెరిగినదాన్ని. తునికాకు వాసన, తంబాకు ఘాటు నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పుడే నా ముక్కుకు తెలిసిపోయింది. నర్సయ్య చూస్తే బీడీ ముట్టే మనిషిలా లేడు. గంగామణి వేళ్ల చివర్లు నల్లగా ఉన్నాయి. మంచం కింద ఒక చాట మీద పాత చీర ముక్క కప్పి ఉంది.

నేను చూసింది రాయడానికి లేదు. ఇంటివాళ్లు చెప్పిందే రాయాలి. అలాగే రాసుకుని బస్సెక్కాను. ఆఫీసులో కూర్చుని లెక్క వేస్తే ఖర్చు జీతాన్ని దాటి ఎక్కడికో పోయింది. మా పనిలో దీన్ని బ్యాలెన్స్ చూడటం అంటారు. ఆదాయం, ఖర్చు దగ్గర దగ్గరగా రాకపోతే ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలి. మా సూపర్‌వైజర్ ఎప్పుడూ గొంతు పెంచని పెద్దమనిషి. కాగితం చూసి కళ్లద్దాలు తీసి, "ఈయన సన్నబియ్యం గాలిలోంచి తెచ్చుకుంటున్నాడా అమ్మా?" అన్నారు.

రెండోసారి వెళ్లేసరికి నర్సయ్య డ్యూటీలో ఉన్నాడు. తలుపు ఓరగా వేసి ఉంది. గంగామణి ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే చాట మీద కొంగు కప్పబోయి, లాభం లేదనుకుని వదిలేసింది.

"రాయకు అక్కా," అంది. మొదటి మాట అదే.

పక్కన చతికిలబడ్డాను. ఆమె చేతులు ఆగలేదు. ఆకులో తంబాకు పోసి చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, అన్నీ చూడకుండానే చేస్తోంది.

"కంపెనోళ్లు ఆకు, తంబాకు ఇచ్చే కార్డు నాది గాదు, పక్కింటామెది. ఆమె పేరు మీద నేను చేస్త. ఆమె కొంత పట్టుకొని నాకిస్తది. కంపెనోళ్లకు ఎరుకైతె ఆకు బంద్ జేస్తరు."

"పేర్లు ఎక్కడికీ పోవు గంగామణీ. నేను రాసినవి మా ఆఫీసు దాటవు. పైకి పోయేవి లెక్కలే."

"పేర్లు పోవు, సరే. మొగోనికి తోడు పెండ్లాం గుడ సంపాయిస్తున్నదని ఎరుకైతె పగార్ పెంచుతరా? ఇద్దరు దెస్తున్నరు గదా, ఇంకెందుకు అనరా?"

అలా అనరని చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. నేను రాసిన లెక్క ఏ బల్ల మీదికి చేరుతుందో, అక్కడ కూర్చున్నవాళ్లు దాన్ని ఎలా చదువుతారో నాకేం తెలుసు? నిజం రాస్తే వీళ్లకు మేలు జరుగుతుందని అప్పటిదాకా గట్టిగా నమ్మాను. ఆ పూట ఆ నమ్మకం కదిలింది.

"ఎప్పటి నుంచి చేస్తున్నావు?" అని మాట మార్చాను.

"లగ్గమైన కొత్తల గాజులకని జేసిన. ఆయనకు ఎరుకనే, నవ్వెటోడు. పగార్ పెరిగింది. పగార్ పెరిగినంక చాయ్‌పత్తి, శక్కరి నా మీదికచ్చినయ్. శక్కరి జేసేటోని ఇంట్ల శక్కరి కొననీకి నేను బీడీలు చెయ్యాలె, సూడు." నవ్వింది. "మల్ల పెరిగింది. అప్పుడు దీపాలకు గాసునూనె, పోరల బడి ఫీజు నా మీదికచ్చినయ్. పోయిన ఏడు ఇంకింత పెరిగింది. అప్పటి సంది బియ్యం నేనే కొంటున్న."

జీతం పెరిగిన ప్రతిసారీ ధరలు దాన్ని మించిపోయి, ఒక సరుకు ఆయన జీతంలోంచి జారి ఈమె చాటలోకి వచ్చి పడిందన్నమాట. మా ఆఫీసులో ఎంతమంది ఎన్ని లెక్కలు వేసినా ఇంత తేటగా నాకెవరూ చెప్పలేదు. చాలా భయం వేసింది. చాటలోకి బియ్యం కూడా వచ్చేసింది. ఇక దాని తర్వాత రావడానికి ఏం మిగిలింది?

"ఆయన మనసు మంచిదే అక్కా. పర్మినెంటోడు పెండ్లాంతోని బీడీలు చేపిస్తుండని నలుగురు అంటే తట్టుకోడు. నువ్వు రాస్తె నా మీద కాదు, ఆయన మీద రాసినట్టే."

రాయనని మాట ఇవ్వలేకపోయాను. రాస్తాననీ అనలేదు. ఊరికే లేచి వచ్చేశాను. మా సూపర్‌వైజర్‌తో చెబితే ఆయన, "ఆమె రాసుకోమనకుండా నువ్వు రాయకు. కానీ నియమం ఒకటుంది కదా. సంతకం పెట్టే ముందు అంతా ఇంటివాళ్లకు చదివి వినిపించాలి. అది మాత్రం ఎగ్గొట్టకు," అన్నారు. అందులో ఏముందో నాకు అప్పుడు తోచలేదు.

మూడోసారి వెళ్లేసరికి ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. నెల ముగుస్తోంది, ఇక ఆ ఇంటి కాగితం ఆఫీసులో ఇచ్చేయాలి. నర్సయ్య ఎప్పటిలాగే ఎదురొచ్చి కుర్చీ వేశాడు. నేను చదవడం మొదలుపెట్టాను. గంగామణి లోపల గిన్నెలు కడుగుతోంది. నర్సయ్య, చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడు, జీతం ఇంత. అతను తల ఊపాడు.

"గంగామణి, నర్సయ్య భార్య. ఇంట్లోనే ఉంటుంది. ఏ పనీ చేయదు. సంపాదన లేదు."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మల్లొక్కపారి సదువు అక్కా," అంది గంగామణి తలుపు దగ్గరికి వచ్చి.

మళ్లీ చదివాను. ఆమె వంగి మంచం కింది నుంచి చాట లాగింది. తెచ్చి నాకూ నర్సయ్యకూ మధ్య పెట్టుకుని కూర్చుంది. ఒక ఆకు తీసింది.

"ఏ పని చెయ్యదా? పొద్దుగాల పోరగాండ్లు లేవకముందు కూసున్నదాన్ని. నడుము ఇరిగిపోతున్నది, చేతి ఏళ్లు సూడు ఎట్లున్నయో. దాపెట్టు అంటే దాపెట్టిన. కని లేదంటే ఎట్ల? రాసుకో అక్కా. ఇంట్ల ఇంకెవలు సంపాయిస్తరని అడిగినవు గదా. నేను."

"గంగామణీ!" అన్నాడు నర్సయ్య.

ఆమె తల ఎత్తలేదు. అతను లేచి బయటికి వెళ్లిపోతాడని, లేదా నన్ను పొమ్మంటాడని అనుకున్నాను. అతను లేచాడు, గడప దాకా వెళ్లాడు. వీధిలో ఎవరైనా ఉన్నారేమో చూసి తలుపు వేశాడు. తిరిగి వచ్చి కుర్చీలో కాక, నేల మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె చేతుల వైపు చూశాడు.

"మేడం," అన్నాడు చివరికి, "ఆ సన్నబియ్యం కొట్టెయ్యండ్రి. దొడ్డుబియ్యం. అవి గుడ నెల ఒడిసే యాల్లకు నూకలే."

కొట్టేశాను.

"ఐతారం కూర గుడ కొట్టెయ్యండ్రి. పండుగలకే." మళ్లీ అన్నాడు, "కిరాణం సేటుకు బాకీ ఉన్నది. అది గుడ రాసుకోండ్రి. అన్నీ రాసుకోండ్రి."

ఒక్కొక్కటి చెబుతుంటే కొట్టేస్తూ, తిరిగి రాస్తూ పోయాను. గంగామణి బీడీలు చుడుతూనే ఉంది. మధ్యలో ఎప్పుడో నర్సయ్య ఆమె దగ్గరున్న దారం ఉండ అందుకుని చిక్కు తీయడం మొదలుపెట్టాడు. ఆ రోజు వాళ్ల లెక్క సరిపోయింది. సరిపోయినందుకు నాకు సంతోషం కలగలేదు.

తర్వాత ఒప్పందం కుదిరింది, జీతాలు పెరిగాయి. నేను రాసింది వాళ్లకు మేలు చేసిందో, కీడు చేసిందో, అసలు ఎవరి కంటా పడలేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఇల్లు నాకు నేర్పింది మాత్రం ఒకటుంది. జీతాలు ధరలను అందుకుంటున్నాయా అని తెలుసుకోవాలంటే జీతం ఎంత పెరిగిందని అడిగితే చాలదు. ఆ జీతం మోయలేక వదిలేసిన సరుకును ఇంట్లో ఇంకెవరు ఎత్తుకున్నారని అడగాలి. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఇంట్లో ఇంకెవరూ సంపాదించరు అని ఎవరు చెప్పినా నేను తలుపు వైపు చూసేదాన్ని.

కొత్త ఒప్పందం తర్వాత ఒకసారి బోధన్ బజారులో గంగామణి కనిపించింది. మొహం కొంచెం తేరుకుంది. "బియ్యం మల్ల ఆయన పగార్లకే పోయింది అక్కా," అంది నవ్వుతూ. "గాసునూనె, బడి ఫీజు నా మీదనే ఉన్నయి, ఏం కాదు." ఆ సాయంత్రం బస్సులో నేను హాయిగా నిద్రపోయాను.

మళ్లీ ఏడాదిన్నరకో ఏమో అటు వెళ్లాను. ఆ వారమే మా ఆఫీసులో అందరికీ డి.ఎ. పెరిగింది. ఇంటికని మిఠాయి పొట్లం కొని బస్సు కోసం నిలబడ్డాను. రోడ్డుకు అవతల నెత్తి మీద బీడీల గంపతో గంగామణి పోతోంది. నన్ను చూసింది. చెరుకు బండ్లు అడ్డం వస్తుంటే ఇటు దాటలేక అక్కడి నుంచే కేకేసింది.

"అక్కా, బియ్యం మల్ల నా మీదికే అచ్చింది!"