వదిన ముందు, ఆడబిడ్డ వెనక

మా జంట ఆడిన మొదటి టోర్నమెంటు మిర్యాలగూడలో, ఒక బియ్యం మిల్లులో వడ్లు ఆరబోసే గచ్చు మీద. ఎనభైల నడిమి మాట. కోతలకు ముందు గచ్చు ఖాళీగా ఉండేది కాబట్టి మిల్లువాళ్లు సున్నంతో గీతలు గీయించి, నెట్టు కట్టించి, చుట్టుపక్కల ఊళ్ల జంటలను పిలిచారు. ఎంత ఊడ్చినా సన్నటి తవుడు మిగిలి కాళ్లు జారుతుండేవి. మేము ఓడింది మాత్రం తవుడు వల్ల కాదు.

నా జోడీ నా ఆడబిడ్డ, మా ఆయన చెల్లెలు. నాకు సూర్యాపేటలో ఆటల కోటాలో వచ్చిన సర్కారు కొలువు. షటిల్ డబుల్స్ ఆడటం నా ఉద్యోగంలో భాగమే. పెళ్లయి వచ్చిన కొత్తలో నా పెట్టెలో చీరల కింద ఉన్న బ్యాట్లు చూసి, ఇంటర్ చదువుతున్న ఆ పిల్ల ఒకటి తీసి గాలిలో ఊపింది. మణికట్టు తిరిగిన తీరు చూసి మర్నాడు పొద్దున్నే కోర్టుకు తీసుకెళ్లాను. ఏడాది తిరిగేసరికి వెనక నుంచి ఆమె స్మాష్ కొడితే మా ఆఫీసు మగవాళ్లు కూడా తలలు పక్కకు తిప్పుకునేవారు. నెట్టు దగ్గర నేను, వెనక ఆమె. బయటి టోర్నమెంట్లకు మా జంట అట్లా కుదిరింది.

మిర్యాలగూడలో షటిల్ సరిగ్గా మా ఇద్దరి మధ్య పడింది.

"అది నీదే గద పిల్లా!" అన్నాను.

"నువ్వు బ్యాటు లేపినవ్ గద వదినా! అందుకే నేనాగిన."

"లేపితే కొట్టిన్నా?"

"పొద్దున చట్నీల ఉప్పు కూడ గిట్లనే అయింది. నువ్వేసినవనుకొని నేనెయ్యలే."

నెట్టు అవతలి జంట పకపకా నవ్వింది. ఆ తర్వాత మేము ఆడింది ఆట కాదు, ఇంటి పంచాయితీ. మొదటి రౌండులోనే బయటికొచ్చాం.

తిరుగు బస్సులో చెరో కిటికీ దగ్గర కూర్చున్నాం. సగం దారిలో ఆమె లేచి నా పక్కకు వచ్చింది. "ఓడినందుకు కాదు వదినా, వాళ్లు నవ్వినందుకు మండుతున్నది."

ఆ బస్సులోనే ఒక నియమం పెట్టుకున్నాం. పాయింటు వచ్చినా పోయినా బ్యాటుకు బ్యాటు తాకించాలి. పోయిన షటిల్ గురించి ఇల్లు చేరేదాకా ఒక్క మాట అనకూడదు. ఇంటికెళ్లాక ఎంతైనా కొట్లాడుకోవచ్చు. ఆ రోజు డైరీలో స్కోరు కింద ఇదే రాసుకున్నాను. ఆ తర్వాతి పేజీల్లో స్కోర్లు బాగుపడుతూ వచ్చాయి. హుజూర్‌నగర్‌లో సెమీస్ దాకా వెళ్లాం, సూర్యాపేటలో కప్పు గెలిచాం.

ఆమె డిగ్రీ చివరి ఏడాదిలో కోదాడ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బడిపంతులు, నెమ్మదస్తుడు. మాట్లాడింది అంతా వాళ్లమ్మ.

"పిల్ల లక్షణంగా ఉంది. కానీ పెళ్లయినాక ఈ బ్యాట్లూ బస్సులూ ఏంటండీ? ఆటంటే పంతాలు. పంతాలు మరిగిన పిల్ల నలుగురిలో సర్దుకుంటుందా? మానేస్తానంటే ఇప్పుడే తాంబూలాలు పుచ్చుకుందాం."

టీ కప్పుల పళ్లెం పట్టుకున్న ఆడబిడ్డ తల ఎత్తింది. "మాననండి."

"నోర్ముయ్యే!" అంది మా అత్తమ్మ.

సంబంధం అక్కడే తెగిపోయేలా ఉంది. నేను ముందుకొచ్చాను. "వచ్చే ఆదివారం మీ కోదాడలనే ఆట ఉన్నదండి. జర వచ్చి చూడున్రి. చూసినంక మీ మాట చెప్పున్రి."

ఆమె సరేనంది గానీ, ముఖం చూస్తే సగం మర్యాదకే అన్నట్టుంది. వాళ్లు వెళ్లగానే ఆడబిడ్డ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, ఆ పిలగాడు నచ్చిండు. బ్యాటు కూడ వదల. నాకు రెండూ గావాలె."

"రెండూ గావాల్నంటే ఆదివారం గెలువాలె."

కోదాడలో కాలేజీ ఆవరణలో మట్టి కోర్టు, పక్కన షామియానా. మధ్యాహ్నానికి ఫైనల్‌కు చేరాం. కృష్ణా నది అవతలి నుంచి వచ్చిన జంట మాకు ఎదురు. ఇద్దరూ పొడగర్లు. ముందు వరసలో ఆ పెద్దావిడ గొడుగు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. మా చున్నీలు నడుముకు బిగించి కట్టుకోవడం ఆమె వింతగా చూసింది.

మొదటి గేము పోయింది. రెండోది లాక్కొచ్చాం. మూడో గేములో మేము ఒక పాయింటు ముందున్నప్పుడు నా సర్వీసు నెట్టులో పడింది. కొత్తవాళ్లు చేసే తప్పు. అప్పట్లో సర్వీసు చేసేవాళ్లకే పాయింటు కాబట్టి పాయింటు పోలేదు గానీ, సర్వీసు అవతలికి పోయింది. టక్కున నా బ్యాటుకు ఆమె బ్యాటు తగిలింది. అంతే, మాట లేదు. ఆ వెంటనే అందివచ్చిన షటిల్‌ను ఆమె గీత బయటికి కొట్టింది. స్కోరు సమానం. పిల్ల ముఖం తెల్లబోయింది, కళ్లు ముందు వరస వైపు తిరిగాయి. నేను వెనక్కి వెళ్లి బ్యాటు తాకించాను. టక్. ఆమె చూపు మళ్లీ నెట్టు మీదికి వచ్చింది.

సర్వీసు మాకు తిరిగొచ్చింది. రెండు పాయింట్లు వచ్చాయి. ఆఖరి పాయింటుకు షటిల్ పైకి లేచి, మిర్యాలగూడలో పడ్డట్టే, మా ఇద్దరి నడుమకు దిగుతోంది. బ్యాటు లేపాలని చేయి లాగింది. లేపలేదు. మోకాళ్ల దాకా వంగాను. నా తల మీదుగా రివ్వుమని గాలి పోయింది. మళ్లీ చూసేసరికి షటిల్ ఆ పొడగర్లిద్దరి మధ్య మట్టిలో పడి ఉంది.

ఆడబిడ్డ పరుగున వచ్చి నన్ను ఎత్తి తిప్పింది. షామియానా అంతా చప్పట్లు.

జనాన్ని తోసుకుంటూ పెద్దావిడ వచ్చింది. కప్పు వైపు చూడనేలేదు.

"ఏమ్మా, టక్కుటక్కుమని ఆ బ్యాట్లు తాకిస్తున్నారు, అదేంటి?"

నియమం చెప్పాను.

"పోయినదాని గురించి ఒకళ్లనొకళ్లు అనుకోరా?"

"ఇంటికి వోయేదాక అనుకోమండి."

"వెళ్లినాక?"

"మస్తు కొట్లాడుకుంటం అత్తమ్మా," అంది ఆడబిడ్డ. "బువ్వ తినేలోపల ఖతం."

"అప్పుడే అత్తమ్మనా!" అని ఆమె ఫక్కున నవ్వింది. "మా ఆడపడుచు నా ఇత్తడి బిందె తీసుకెళ్లి తిరిగివ్వలేదు. నా కొడుకు బారసాల నాటి మాట. ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నాను." కాసేపు మా బ్యాట్ల వైపు చూసి నాతో అంది, "మంచిరోజు చూడండమ్మా. సారెలో ఆ బ్యాట్లు కూడా పెట్టి పంపండి."

పంపాం. అరిసెల పళ్లేనికీ చీరల పళ్లేనికీ నడుమ, కొత్త తీగలు బిగించిన రెండు బ్యాట్లు పసుపు కుంకుమ బొట్లతో కోదాడ వెళ్లాయి.

ఆ తర్వాత ఆమెకూ ఆటల కోటాలో కొలువొచ్చింది. తొంభైల నడిమి దాకా ఆమె కోదాడలో, నేను సూర్యాపేటలో బస్సెక్కి ఏ ఊళ్లో ఆట ఉంటే ఆ ఊళ్లో కలుసుకున్నాం. మా ఇంటి అల్మారాలో కప్పులు పట్టక కొన్ని వాళ్లింటికి పంపాను.

ఆమె పెళ్లయిన మరుసటి ఏడే మిర్యాలగూడ మిల్లు నుంచి మళ్లీ పిలుపొచ్చింది. అదే గచ్చు, అదే తవుడు. కోదాడ అత్తమ్మ ముందు వరసలో కూర్చొని, "కోడలా, వెనక చూసుకో!" అని గొంతు పోయేలా అరిచింది. ఆమె పక్కన ఇంకో పెద్దావిడ కూర్చుంది. ఎవరని అడిగితే ఆ అత్తమ్మకు ఆడపడుచట. ఇల్లు చేరేదాకా బిందె మాట ఎత్తనని చెప్పి తీసుకొచ్చిందట.

ఆ రోజు కప్పు మాదే.