సంతోషం గారికి రెండు రేడియేషన్లు

మిల్టన్‌లో టౌన్‌హౌస్‌లో ఉండే సంతోషం గారికి ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఓక్‌విల్ కార్ల ఫ్యాక్టరీలో ఆయన పని, మెరిసే పెయింట్ మీద ఎవరికీ కనపడని గీతలు వెతకడం. ఆ చూపు ఇంటికీ వచ్చేసింది.

అరవై దాటాక ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడింది. గ్రంథి దాటి పోలేదంటూనే డాక్టరు రెండు రకాల రేడియేషన్ కావాలంది. ముందు కొన్ని వారాలు బయటి నుంచి మిషన్‌తో. ఆ తర్వాత గ్రంథి లోపలే బియ్యపు గింజల్లాంటి రేడియేషన్ సీడ్స్ పెడతారు.

"మన చర్చిలో రామ్మోహన్ గారికి ఒకటే ఇచ్చారు. నాకు రెండెందుకు? పాకిపోయుంటుంది, దాస్తున్నారు," అన్నారు కారులో భార్య స్వర్ణకుమారితో.

"మీది కాస్త మొండి రకమని చెప్పింది కదండీ! గట్టి డోసు లోపల పెడతారంట. చుట్టుపక్కల కణాలేవన్నా మిగిలితే బయటి నుంచి. అంతా బయటి నుంచే ఇస్తే బ్లాడర్ దెబ్బతింటుందంట."

"నీకు బాగానే వివరంగా చెప్పారే," అని ఆమె వంక ఓరగా చూశారు.

మిషన్ రేడియేషన్ నీరసంతో గడిచింది. జూలైలో మత్తిచ్చి సీడ్స్ పెట్టి, సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

ఆ ఆదివారం దగ్గర్లోనే ఉన్న కేంబ్రిడ్జ్ నుంచి కూతురు హోప్ వచ్చింది. ఎప్పుడూ వస్తూనే తండ్రిని వాటేసుకునే పిల్ల, ఈసారి గుమ్మం దగ్గరే "హాయ్ డాడీ" అని, దూరంగా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది.

"ఇలా రామ్మా."

"ఐయామ్ ఫైన్ హియర్, డాడీ."

తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకోవడం ఆయన కంటబడింది. వంటింట్లో గుసగుసలు. తను వెళ్లగానే మాట ఆగిపోయింది. మరుసటి వారమూ అంతే. సంతోషం గారు బేస్‌మెంట్‌లోకి దిగి, తన పనిముట్లు ఎవరికేవి ఇవ్వాలో వేరు చేయడం మొదలుపెట్టారు.

మూడోసారి హోప్ వచ్చినప్పుడు ఇక ఆగలేకపోయారు. "ఎన్నాళ్లుంటానో చెప్పేసిందా డాక్టరు? నా మొహం చూడలేకేనా అక్కడ కూర్చుంటున్నావు?"

హోప్ లేచి రెండడుగులు వేసి, ఆగిపోయింది. కళ్లలో నీళ్లు. "నో, డాడీ! ఐయామ్ ప్రెగ్నెంట్."

"ఆ సీడ్స్ వల్ల కడుపుతో ఉన్నవాళ్లు కొన్నాళ్లు మీకు కాస్త ఎడంగా ఉండాలన్నారుగా, మీరూ విన్నారు," అంది స్వర్ణకుమారి. "పోయినసారి నిలవలేదు కదండీ. మూడో నెల దాటాక చెబుదామంది."

ఆ మాట ఆయన ఆస్పత్రిలోనే విన్నారు. మనింట్లో ఎవరున్నారులే అనుకుని వదిలేశారు. ఇప్పుడు తన కుర్చీని తానే వెనక్కి, గోడకు ఆనేదాకా జరుపుకున్నారు.

"అంత దూరం అక్కర్లేదండీ!" అంది స్వర్ణకుమారి, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

చలికాలంలో పాప పుట్టింది. ఎత్తుకోవచ్చని డాక్టరు చెప్పింది. ఆయన నర్సును పక్కకు పిలిచి విడిగా ఇంకోసారి అడిగాకే ఎత్తుకున్నారు. రక్తపరీక్షలో క్యాన్సర్ జాడ చెప్పే పీఎస్‌ఏ అంకె తగ్గుతూ వచ్చి, వసంతంలో ఒకసారి కొంచెం పెరిగింది. సీడ్స్ పెట్టినవాళ్లలో ఇది మామూలేనంది డాక్టరు. తర్వాతి పరీక్షలో మళ్లీ తగ్గేవరకూ సంతోషం గారు ఇంట్లో అందరి మొహాలూ చూస్తూనే ఉన్నారు.