గీకని తీగ, వెలిగిన ఎనిమిది

దయ్యాలంటే నాకు పద్నాలుగేళ్లప్పుడూ నమ్మకం లేదు, ఎనభై దాటాక ఇప్పుడూ లేదు. ఎవరైనా అలాంటి సంగతి చెబితే ముందు తేదీ అడుగుతాను. కాబట్టి నా సంగతీ తేదీలతోనే చెబుతున్నాను.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. మా అన్న రామాంజి ఆదోనిలో ఒక పత్తి మిల్లులో కరెంటు పని చేసేవాడు. ప్రతి ఆదివారం బస్సులో ఇంటికి వచ్చేవాడు. 1957లో మిల్లు పాతసామానులోంచి రిలేలనే కరెంటుతో కదిలే మీటలు, స్విచ్చులు, చిన్న బల్బులు తెచ్చి, చెక్కపలక మీద కూడికలు చేసే యంత్రం కట్టడం మొదలుపెట్టాడు. తీగ మాత్రం కాలిపోయిన మోటారులోంచి విప్పిన రాగితీగ.

నాకు నేర్పింది కూడా ఆయనే. రెండు స్విచ్చులు ఒకదాని వెనక ఒకటి ఉంటే రెండూ నొక్కితేనే దీపం వెలుగుతుంది. పక్కపక్కన ఉంటే ఏ ఒక్కటి నొక్కినా చాలు. లెక్కలన్నీ ఇందులోంచే పుడతాయనేవాడు.

"మగ్గం మీద పోగు లేస్తే ఒకటి, లేయకుంటే సున్న. అంతే పాపా, నీకు పుట్టుకతోనే వచ్చినట్లే" అని నవ్వేవాడు.

పలక మీద నాలుగు దీపాలు: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. వెలిగిన దీపాల అంకెలు కలిపితే జవాబు. సున్న నుంచి ఏడు దాకా ఏ రెండు అంకెలైనా కూడుతుంది. మొత్తం అరవై నాలుగు లెక్కలు. మిల్లు ఇంజనీరు దాన్ని చూసి బాగుంటే మద్రాసులో శిక్షణకు సిఫార్సు ఉత్తరం రాస్తానన్నాడు. అన్నకు అంతకన్నా పెద్ద కోరిక లేదు.

ఆగస్టు 11, ఆదివారం. అన్న పలక పూర్తిచేసి, అరవై నాలుగూ చూసి నోట్‌బుక్‌లో రాయమని నాకు అప్పజెప్పి బయటికి వెళ్లాడు. తక్కువ మొత్తాలతో మొదలుపెట్టి, మొత్తం ఏడు దాకా వచ్చే ముప్పై ఆరు లెక్కలు చూశాను. అన్నీ సరిపోయాయి. పలక తిప్పుతుంటే వెనక, ఎనిమిది దీపానికి పోయే తీగ తెగింది. పోగు తెగితే ఎట్లా అతుకుతామో అట్లాగే ముడి వేశాను. లాగి చూశాను, ఊడలేదు. ఆ తీగ మీద వార్నిష్ పూత ఉంటుందని, గీకకపోతే కరెంటు పోదని నాకు తెలియదు.

అంతలో అమ్మ నూలు కండెలు చుట్టమని పిలిచింది. నాకు నోటిలెక్క బాగా వచ్చు. ఎనిమిది దీపం వెలగాల్సిన మిగతా ఇరవై ఎనిమిదీ చూడకుండానే రాసేశాను.

"అన్నీ సూసినావా పాపా?"

"సూసినానన్నా, అరవై నాలుగూ."

మర్నాడు మిల్లులో ఇంజనీరు ఐదూ మూడూ నొక్కాడు. ఒక్క దీపమూ వెలగలేదు.

ఆగస్టు 18న అన్న పలకను తెచ్చి అటక మీద పెట్టాడు. "ఏమప్పా, నీ పలకకు ఎనిమిది రాదా అని అందరి ముందరా నవ్వినాడు. నా లెక్కే యాడో తప్పింది పాపా. నీ నోట్‌బుక్‌లో అన్నీ సరిగానే ఉండాయి" అన్నాడు. చెప్పడానికి ఆ సాయంత్రమంతా ఉంది. చెప్పలేదు. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. ఆ వారమే అన్నకు విషజ్వరం పట్టింది. సెప్టెంబరు 9న ఆదోని ఆసుపత్రిలో పోయాడు.

నవంబరు 17, మధ్యాహ్నం. అమ్మ అటక సర్దుతూ పలకను కిందికి దించింది. కొత్త బ్యాటరీ సెల్లులు కొనితెచ్చి వేశాను. ఐదూ మూడూ నొక్కాను.

ఎనిమిది దీపం వెలిగింది.

నోట్‌బుక్ తీసి, చూడకుండా రాసిన ఇరవై ఎనిమిదీ వరసగా నొక్కాను. అన్నీ సరిగ్గా వచ్చాయి. అమ్మ పక్కనే ఉంది.

"బాగానే ఎలుగుతాంది కదా పాపా. వాడెందుకు అంత కుమిలిపోయినాడు?" అంది.

నేను పలక తిప్పాను. నా ముడి అట్లాగే ఉంది. సూదితో విప్పి భూతద్దంతో చూశాను. రెండు కొసల మీదా పూత చెక్కుచెదరలేదు, ఎక్కడా గీత లేదు. మళ్లీ అదే ముడి వేశాను. దీపం వెలగలేదు. ఆరుసార్లు వేశాను. వెలగలేదు. కొసలు గీకి కట్టాక వెలిగింది.

తర్వాత ముగ్గురు కరెంటు పనివాళ్లను అడిగాను. పూతలో కంటికి కనిపించని పగులు ఉండవచ్చని ఇద్దరన్నారు. అదే పగులు నేను మళ్లీ ముడి వేసినప్పుడు ఎందుకు పనిచేయలేదో వాళ్లు చెప్పలేకపోయారు. మూడో ఆయన గీకని తీగలో కరెంటు పోనే పోదన్నాడు.

దీన్ని దయ్యమని నేను అనను. ఏమనాలో కూడా నాకు తెలియదు. ఆ ఇరవై ఎనిమిది లెక్కల పక్కన ఆ మధ్యాహ్నమే టిక్కులు పెట్టాను. నోట్‌బుక్ ఇప్పుడు పూర్తిగా సరైనదే. అందులోని తేదీ మాత్రం ఇంకా ఆగస్టు 11 అనే ఉంది. దాన్ని కొట్టివేయడానికి నాకు ఈనాటికీ చేయి రాలేదు.