కౌసల్య కొలిమికి తిరిగి రాని ములికి

కౌసల్య చేసిన బాణం ములికి మీద ఈగ వాలితే రెండు ఈగలై లేచిపోతుందని పదేళ్లుగా చెబుతున్నాను. విన్నవాళ్లలో సగం మంది నమ్మారు. నమ్మని వాళ్లకు ఆ రెండు ఈగల పేర్లు కూడా చెప్పాను. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం నేను కలిపింది ఏమీ లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు కొరకాలనిపిస్తుంది, కల్పించాలనిపించదు.

దేవరకొండ నుంచి చందంపేట పోయే తోవలో, గుట్టల కింద మా ఊరు. ఊరి చివర రేకుల పందిరి కింద కౌసల్య కొలిమి. ఆమె భర్త పరశురాములు కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదే పోయాడు. ముప్పై ఏళ్లు తిత్తి ఊదిన మనిషి మూడో నెలలో సుత్తె పట్టింది. ఆడమనిషి కాల్చిన కొడవలి తెగదని మొదట్లో మగవాళ్లు ముఖం తిప్పుకున్నారు. రెండో ఏడు వాళ్లే వరుసలో నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

పల్లీ ఊరుతున్న రోజుల్లో అడవి పందులు గుట్ట దిగుతాయి. ఒక్క పూటలో చేనంతా దున్ని పోతాయి. వాటిని కొట్టడానికి పైనుంచి అనుమతి తుపాకీ వాళ్లకే దొరుకుతుంది, వాళ్లు వచ్చేసరికి చేలో మట్టే మిగులుతుంది. అందుకని కౌసల్య తమ్ముడు మల్లప్ప వెదురు విల్లు దించినప్పుడు ఊరు అటువైపు చూడడం మానేసేది. ఇది చట్టానికి నచ్చే పని కాదు. దాచిపెట్టి మంచివాణ్ని అనిపించుకోవాలని నాకు లేదు.

మల్లప్ప బాణాలకు ములుకులు కౌసల్యే చేసేది. పాత లారీ కమాను పట్టీ కోసి, రెండంచుల ఆకులాగా సన్నగా సాగదీసేది. వెడల్పు ఎంతో, దానికి మూడింతలు పొడవు. మగ పందికి భుజం మీద తోలు కింద చెప్పు అట్టలాంటి పొర ఉంటుంది. వెడల్పాటి ములికి అక్కడే ఆగిపోతుంది. అందుకే ఆమె ప్రతి ములికినీ ఎండిన బర్రె తోలు మీద పెట్టి చేత్తో నొక్కి చూసేది. ఒక్క నొక్కుకు దిగకపోతే మళ్లీ నిప్పుల్లో వేసేది.

ఇంకొక కట్టుబాటు ఉండేది. అది వాళ్ల మామ నాటి నుంచీ వస్తున్నది. వేట అయ్యాక ములికిని కడగకుండా కొలిమికి తెచ్చి, సుత్తె దెబ్బలు పడే దాగలి మీద పెట్టాలి. దాన్ని చూసి ఎముక తగిలిందో, ఊపిరితిత్తి తగిలిందో, జంతువు ఎంతసేపు బతికిందో ఆమె చెప్పేది. ములికి తిరిగి రాలేదంటే ఎక్కడో ఒక జీవం దాన్ని మోస్తూ తిరుగుతున్నట్టు. అది వచ్చేదాకా కొలిమి చల్లగా ఉండాలి. ఎవరి కొడవలి అయినా సరే, ఎవరి గొడ్డలి అయినా సరే.

నాలుగేళ్ల కింద, పత్తి ఏరే కాలానికి ముందు, ఎరువుల దుకాణం విజేందర్ ఫోన్‌లో చూసి ఒక డబ్బా తెప్పించాడు. అందులో మూడు ములుకులు, నల్లగా, నగల్లాగా మెరుస్తున్నాయి. ముందు మడిచి ఉండి, తగలగానే రెక్కలు విప్పుతాయట. అతను ఒకదాన్ని కౌసల్య చేతిలో పెట్టి, ఎలుగుబంటి కూలిపోయే వీడియో చూపించాడు. నేను అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాను.

ఆమె రెక్కను బొటనవేలితో వెనక్కి నొక్కింది. ఫోన్‌లోకి ఒకసారి చూసింది.

"గా విల్లుకు చక్రాలున్నయి" అంది. "మనదానికున్నయా?"

"చక్రాలతోని ఏం పనత్తా, ములికి మంచిదుండాలె గని."

"గీ రెక్కలు తెరుసుకునేటందుకే సగం బలం తింటది. మిగిలిన సగం భుజం పొరల ఆగుతది. మా తమ్మునిది వెదురు విల్లు, లారీ ఇంజిన్ కాదు. తీస్కపో."

విజేందర్ తీసుకుపోయాడు. తిన్నగా మల్లప్ప దగ్గరికే పోయాడు. దీంతో విల్లు పూర్తిగా గుంజక్కర్లేదని, ములికే పని చేసుకుంటుందని చెప్పాడు. మల్లప్ప కుడి భుజం ఏడాదిగా నొస్తున్నది. అక్కకు చెప్పలేదు. చెబితే విల్లు లాక్కుంటుందని భయం. ఆ భయం మీదే విజేందర్ తన సరుకు అమ్ముకున్నాడు. నాకు ఇప్పటికీ మంట అదే. బలం తగ్గిన మనిషికి, ఇంకా ఎక్కువ బలం అడిగే వస్తువును, బలం అక్కర్లేదని చెప్పి అంటగట్టాడు.

పొద్దు గూకే వేళ మల్లప్ప పల్లీ చేను గట్టు మీదనుంచి కోరల పందిని కొట్టాడు. బాణం భుజాన దిగింది. పంది ఒక్క అరుపు అరిచి, బాణం కట్టె విరుచుకుని, వాగు పక్క తుప్పల్లోకి పోయింది. తెల్లారి అతను ఉత్త చేతులతో కొలిమి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

కౌసల్య ఏ ములికి అని అడిగింది. అతను చెప్పాడు. ఆమె తిట్టలేదు. బిందె ఎత్తి మండుతున్న నిప్పుల మీద కుమ్మరించింది. పందిరంతా ఆవిరి. ఆ ఆవిరిలోంచే వెతకడానికి పొమ్మంది. అతను సాయంత్రం దాకా తిరిగాడు. దొరకలేదు. వాగు తోవలో పత్తి చేన్లకు పోవద్దని ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఊరు నవ్వింది. కొడవళ్లు పట్టుకొచ్చిన వాళ్లు నవ్వలేదు, అరిచారు. కోతల కాలంలో కొలిమి ఆపడానికి నువ్వెవరన్నారు. అన్నవాళ్ల పేర్లు నా దగ్గర ఉన్నాయి. రాయను, వాళ్ల మనవలు ఇది చదువుతారు.

రెండో రోజు పొద్దున మేకలు తోలుకుపోయిన గుర్వమ్మను ఆ పంది తొడ దగ్గర చీల్చింది. అరవై ఏళ్ల మనిషి. నలుగురు మంచం మీద మోసుకొచ్చారు, ఆటోలో దేవరకొండ దవాఖానకు తీసుకుపోయారు. కుట్లు పడ్డాయి, ప్రాణం నిలిచింది. ఈ రోజుకీ ఆమె కుంటుతూనే నడుస్తుంది. ఆ రోజు విజేందర్ దుకాణం తెరిచే ఉంచాడు. అడిగిన వాళ్లకు, గురి తప్పిందంటే తప్పు కొట్టినవాడిదని చెప్పాడు.

మూడో రోజు తెల్లవారగానే కౌసల్య తను చేసిన రెండు ములుకులు తీసుకుని తమ్ముణ్ని వెంటబెట్టుకుపోయింది. వాగులో కానుగ చెట్టు కింద పంది పక్కకు ఒరిగి పడి ఉంది. భుజం ఉబ్బి, ఈగలు ముసిరి ఉన్నాయి. వీళ్ల అలికిడికి లేవబోయింది, ముందుకాళ్లు మడతపడ్డాయి.

"భుజం నొత్తాంది కదా" అంది కౌసల్య తమ్ముడితో.

"నీకెట్ల తెలుసక్కా?"

"యాడాది నుంచి ఎడమ చేత్తోని చెంబు ఎత్తుతున్నవ్. నేనేమన్న గుడ్డిదాన్నా? ఒక్కసారి గుంజు. మొత్తం గుంజు. ఆనక విల్లు నాకియ్యి."

మల్లప్ప గుంజాడు. భుజంలో ఏదో తెగినట్టు అయిందని తర్వాత చెప్పాడు. బాణం పక్కటెముకల మధ్య దూరి, అవతలి పక్కనుంచి వెలువడి, వాగు మట్టిలో జానెడు దిగింది. పంది రెండు ఊపిర్లు తీసి ఆగిపోయింది.

మధ్యాహ్నానికి కొలిమి ముందర ఊరంతా చేరింది. దాగలి మీద రెండు ములుకులు. ఒకటి కౌసల్యది, రక్తంతో, మట్టితో, అంచు చెదరకుండా. రెండోది భుజంలోంచి కోసి తీసింది. ఒక రెక్క విచ్చుకుంది, ఒకటి వంగి ఇరుక్కుంది. బొటనవేలంత కూడా లోపలికి పోలేదు. విజేందర్‌ను మల్లప్ప పిలుచుకొచ్చాడు. పిలుచుకొచ్చాడన్నది మర్యాదకు రాశాను, చొక్కా పట్టుకొచ్చాడు.

కౌసల్య గొంతు పెంచలేదు.

"నా ములికి నా దగ్గరికొచ్చింది. మంచిగ చేసిన్నో, పాడు చేసిన్నో నా కండ్లతోని చూసుకున్న. గిది చేసినోడేడుంటడు?"

"కంపెనీ అత్తా. ఎవరు చేస్తరో నాకేం తెలుసు."

"చేసినోనికి తిరిగియ్యాలె. మూడు దినాలు గా జీవి ఎట్ల బతికిందో వాడు చూడాలె. గుర్వమ్మ తొడ చూడాలె. పంపియ్యి."

వాడినవి వాళ్లు వాపసు తీసుకోరని అతను గొణిగాడు. ఊళ్లో ఎవరో నవ్వారు. ఆమె వాళ్లవైపు చూసింది, నవ్వు ఆగింది. ఇది పోస్టులో పడేదాకా నిప్పు పెట్టను అంది.

డబ్బా మీది చిరునామాకు ఇంగ్లీషులో ఉత్తరం రాసే పని నా మీద పడింది. కౌసల్య చెబుతుంటే రాశాను. నల్లగొండ కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషులో ఆమె అన్న మాటల్లో సగానికి మాటల్లేవు. ఉన్నంతలో రాశాను. పంది బతికిన రోజులు, పడిన కుట్లు, దిగిన లోతు అన్నీ వేశాను. ములికిని కడగకుండా గుడ్డలో చుట్టి, విజేందర్ చేతే దేవరకొండలో పోస్టు చేయించాం. సాయంత్రం కొలిమి రాజుకుంది.

రెండు నెలలకు విజేందర్ ఫోన్‌కు జవాబు వచ్చింది. అతను తెచ్చి నాకు చూపించాడు. మా వస్తువు వాడినందుకు ధన్యవాదాలు, మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు, తర్వాతి కొనుగోలు మీద తగ్గింపు ఉంది. అంతే.

నేను కొలిమికి పోయాను. తోవలోనే మంచి జవాబు ఒకటి తయారు చేసుకున్నాను. చేసినవాడు చూసి ఏడ్చాడని, ఆ పని మానేశాడని. నాకు అది నిమిషం పని. కౌసల్య సుత్తె ఆపి నా ముఖంలోకి చూసింది.

"ఏం రాసిండ్రు కాక?"

ఉన్నది ఉన్నట్టు చదివాను.

"గుర్వమ్మ ముచ్చట?"

"లేదు."

"పంది ముచ్చట?"

"లేదమ్మా. ఎవరూ చదవలేదు."

ఆమె సుత్తె కింద పెట్టింది. ఉమ్మింది, నిప్పుల్లోకి కాదు, పక్కకు. తర్వాత గోడకు వేలాడుతున్న తన ములుకులన్నీ దించింది. మల్లప్ప విల్లు ఆమె ఇంట్లో అటక మీద ఉన్నా, గుట్ట అవతలి ఊళ్లవాళ్లు ఇంకా ములుకులు అడిగి తీసుకుపోయేవాళ్లు. వాటి మీద ఇన్నాళ్లూ ఏ గుర్తూ లేదు, ఎవరివో అందరికీ తెలుసు కనుక. సన్నని ఉలి తీసుకుని ఒక్కొక్కదాని మెడ మీద 'కౌ' అని కొట్టడం మొదలుపెట్టింది. సుత్తె పడ్డ ప్రతిసారీ పందిరి రేకులు అదిరాయి.

"నాది యాడ దొరికినా" అంది తల ఎత్తకుండా, "గీడికే తెచ్చి నన్నే తిట్టాలె."