రెండో నిమ్మకాయ

గిద్దలూరు బైకుల షోరూమ్ నాకే ఇచ్చారు. సోమవారం నుంచి అక్కడ మేనేజర్‌ని నేనే. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో మొదటిదాన్ని నేను.

ఇచ్చింది మార్కాపురంలో మా షోరూమ్ ఓనరు. అందరం అన్నా అనే పిలుస్తాం. ఒకప్పుడు మోటారుసైకిల్ పందేల్లో ఛాంపియన్. గెలిచిన కప్పుల్లో ఇప్పుడు మెకానిక్కులు నట్లు, బోల్టులు పోసుకుంటారు. ఎవరికి పెద్ద పని అప్పజెప్పాలన్నా ఆయన ఒకటే పరీక్ష పెడతాడు. షోరూమ్ వెనక మట్టిలో నిమ్మకాయ పెడతాడు. వేగంగా వచ్చి, కాయకు చక్రం తగలకుండా దాని ముందు బండి ఆపాలి.

"ఉరికిచ్చేది ఎవురికైనా వస్తాది. నిలబెట్టేది చూపియ్యి" అంటాడు.

నాకంటే ముందు ఇద్దరు తప్పారు. ఒకరు బ్రేకు వదులుగా ఉందన్నారు, ఇంకొకరు మట్టి జారిందన్నారు. నేనూ తప్పితే ఒంగోలు నుంచి బయటి మనిషి వస్తాడు. నేను రెండేళ్లుగా బిల్లులు రాస్తున్న కుర్చీలోనే ఉండిపోతాను.

బండి తీశాను. నిమ్మకాయ కనబడింది. నేరుగా దాని మీద నుంచే పోనిచ్చాను.

మెకానిక్ చిన్నాయన చప్పట్లు కొట్టాడు. "డెలివరీ అయిపోయినట్టే. స్వీట్లు యాడమ్మా?"

అన్న నవ్వలేదు. "ఏమైంది?" అని నన్నడిగాడు.

"బ్రేకు ముట్టుకోలేదన్నా. కొత్త బండికి పూజ చేసినప్పుడల్లా చక్రం కింద కాయ పెట్టి, తొక్కియ్యండి తొక్కియ్యండి అని రెండేండ్లుగా నేనే చెప్తున్నా కదా. కాయ కనపడేతలికి తొక్కిచ్చేసినా."

ఆయన నలిగిన కాయను కాలితో పక్కకు నెట్టాడు.

"చిన్నాయనా, ఇంకో కాయ తే" అన్నాడు.

"ఏంది, వాళ్లకు ఒకటేగా పెట్టినావు?"

"వాళ్లు తప్పు బండి మీదికీ మట్టి మీదికీ నెట్టినారు. ఈ పిల్ల తన మీద ఏసుకుంది. రేపు బండి కొనే గిరాకీకైనా ఇట్లనే ఉన్నదున్నట్టు చెప్తాది. నేను పడినప్పుడల్లా బండిని తిట్టుకున్న ఏడాది ఒక్క పందెమూ గెలవలే."

ఈసారి రెండు బ్రేకులూ కలిపి మెల్లగా బిగించాను. చక్రానికీ కాయకీ మధ్య నా అరచేయి పట్టింది. అన్న వంగి ఆ కాయ తీసి నాకిచ్చాడు.

"సోమారం గిద్దలూరులో షట్టరు తీసేది నువ్వే. పో, ఇంట్లో చెప్పుకోపో."

అమ్మకు చెప్పేశాను. కాయ పారెయ్యొద్దంది.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: నాయన, వెలిగండ్ల అవతల గొర్రెల వెంట ఉన్నాడు, గట్టెక్కితే గానీ సిగ్నల్ అందదు. హనుమంతునిపాడు మేనత్త, నేను బండి నేర్చుకున్నది ఆమె స్కూటీ మీదే. కంభంలో నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు. నాకంటే ముందు తప్పిన ఇద్దరు, వాళ్లలో ఒకరు సోమవారం నుంచి నాతోనే పనిచేయాలి.