మోచేతి అతుకు

యూదు భక్తులు కాపురముండే బ్నే బ్రాక్‌లో, పక్క ఊరు రమత్ గాన్ వైపు పోయే పెద్దరోడ్డు దగ్గర, సందు మొదట్లో జుందెల్ గది. ఆ వీధుల్లో కొత్త కోటు కొన్నవాళ్ళు ఒంటిమీద వేసుకునే ముందు దాన్ని జుందెల్‌కు చూపించాల్సిందే. ఉన్నీ, అవిసె నారా ఒకే బట్టలో కలవకూడదని దేవుడి ఆజ్ఞ. ఎందుకు కలవకూడదని ఎవరైనా అడిగితే జుందెల్ నవ్వేవాడు. "చెప్పినవాడికి తెలుసు. నా పని వెతకడం వరకే."

కాలరు మడత కొద్దిగా విప్పి, లోపలి పోగొకటి లాగి, మైక్రోస్కోపు కింద పెడతాడు. ఉన్ని చేప పొలుసుల్లా కనబడుతుంది. నార వెదురు గడలా కణుపులు కణుపులుగా ఉంటుంది. రెండూ కలవలేదని తేలితే, తన పేరున్న చిన్న గుడ్డ చీటీని కాలరు లోపల పిన్నుతో గుచ్చి ఇస్తాడు. పేదవాడి కోటయితే డబ్బు మాట రానివ్వడు. "దీన్ని చూడ్డానికి ఎంతసేపు పట్టిందని!" అంటాడు.

రోడ్డుకు అవతల నూరిత్ అనే ఆవిడ పాతబట్టల కొట్టు నడుపుతుంది. శనివారం విశ్రాంతిదినమన్న నియమం పట్టించుకోకుండా కారేసుకుని సముద్రానికి పోయే మనిషి. అయినా భక్తులైన గిరాకీల కోసం కోట్లన్నీ జుందెల్‌కు చూపించాకే అమ్ముతుంది. పరాయి ఆడమనిషి ఉండగా తలుపు మూయకూడదు కనుక, ఆవిడ వచ్చినప్పుడల్లా జుందెల్ తలుపు బార్లా తీసి ఉంచుతాడు. చలికాలంలో ఇద్దరూ వణుకుతూనే బేరాలాడుకుంటారు. లోపలి నుంచి జుందెల్ భార్య ఫ్రూమెట్ వేడివేడి టీ పంపుతుంది.

"ఏం జుందెల్ గారూ, మీవాళ్ళు భక్తులకు సైన్యం వద్దని గోడలకు కాగితాలు అంటించడం అయిందా, ఇంకా ఉందా? మా పెద్దాడు మళ్ళీ సరిహద్దు కాపలాకు మూట సర్దుకున్నాడు. మీలో ఒక్కడు పోయి వాడికి ఓ పూట నిద్ర ఇవ్వకూడదూ?"

"రోజూ వాడి పేరు చెప్పి కీర్తనలు చదువుతున్నానమ్మా."

"చదవండి, వద్దన్నానా? కీర్తన కాపలా కాయదుగా!"

"కాస్తుందమ్మా. టీ చల్లారిపోతోంది, తాగు."

"మిమ్మల్నీ నన్నూ ఒకే కోటులో కుడితే మీ మైక్రోస్కోపు గగ్గోలు పెడుతుంది."

"కోటులోనే కూడదు. ఒకే బీరువాలో పక్కపక్కన వేలాడదీయొచ్చు, దోషం లేదు."

ఆవిడ పకపకా నవ్వేది. ఏళ్ళ తరబడి ఇలాగే జరిగింది.

జుందెల్ కీర్తనల్లో ఇంకో పేరు కూడా ఉంది. అది మాత్రం పెదవి దాటనివ్వడు. అది తన కొడుకు గెదల్యాది. చిన్నప్పటి నుంచీ బట్టల మూటలు రోడ్డుకు అటూ ఇటూ మోసిన పిల్లాడు. మతగ్రంథాల చదువు మీద మనసు కుదురుగా నిలవక, ఎండాకాలం మొదట్లో సైన్యంలో చేరాడు. ఆ రోజు జుందెల్ ఒకే మాట అన్నాడు: "ఆ దుస్తులతో ఈ గడప తొక్కకు." గెదల్యా కూడా ఒకే మాట అన్నాడు: "బయట విప్పి రావడానికి ఇదేం దొంగ వేషం కాదు నాన్నా." అప్పటి నుంచి ఇంటికి రాలేదు. ఫ్రూమెట్ మాత్రం వారం వారం వాడి తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెడుతూనే ఉంది.

చలికాలం వచ్చింది. ఒక వానరోజున నూరిత్ కోట్ల మూట విప్పింది. అన్నిటికీ అడుగున సైనికుల ఆకుపచ్చ ఉన్ని స్వెట్టరు. ఆవిడ గొంతులో ఎప్పటి ఎకసెక్కెం లేదు.

"మీవాడిదే. ముళ్ళకంచె తగిలి మోచేయి చిరిగితే నా దగ్గరికి తెచ్చాడు. కుట్టి ఇచ్చాక 'ఏ దారం అత్తా ఇది?' అన్నాడు. ఏమో, గట్టిదేరా అన్నాను. 'అయితే నాన్న చూడాలి, ఆయన సరే అనేదాకా వేసుకోను' అని ఇది నా చేతిలో పెట్టి బస్సెక్కాడు. ఉత్తరాన కొండల మీద మంచు పడుతోందట. పైన వానకోటు ఉందిగా అంటాడు. మొండి ఘటం! ఎవరి పోలికో!"

కోటు చూపించుకోవడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్న కోళ్ళ కొట్టు హిర్ష్‌బేర్ మెడ సాచి చూశాడు. "అది ముట్టుకుంటావా జుందెల్? రేపు వీధిలో ఏమనుకుంటారు?"

జుందెల్ చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది. తెరిచిన తలుపులోంచి వానగాలి కొడుతోంది. కొండల మీద ఇంకెంత చలో! తన మాటను కాదని పోయిన పిల్లాడు, తన మాట కోసమే చలిలో కూర్చున్నాడు.

స్వెట్టరు దగ్గరికి లాక్కున్నాడు. అతుకు దగ్గర పోగు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. కణుపులు కణుపులుగా, స్పష్టంగా నార.

నూరిత్ ముఖం మాడిపోయింది. "తెగకూడదని... మా అమ్మ దాచుకున్న దారమండీ అది. ఉన్నవాటిలో మంచిది తీసి కుట్టాను."

"మంచిదే వాడావమ్మా. పిల్లాడికని వాడావు. ఉన్నితో కూడదు, అంతే."

దోషం కనబడితే బట్టను దర్జీకి తిప్పి పంపడం జుందెల్ అలవాటు. ఆ రోజు తనే కూర్చుని కుట్టంతా విప్పాడు. పట్టకారుతో ఒక్కొక్క నారపోగూ ఏరాడు. టీ గ్లాసులతో వచ్చిన ఫ్రూమెట్ స్వెట్టరు వైపు చూసి, గ్లాసులు కింద పెట్టి, నూలుదారం సూదికి ఎక్కించి ఆయన చేతికిచ్చింది. మోచేయి మళ్ళీ అతికాక, జుందెల్ తన గుడ్డ చీటీ తీశాడు. పిన్ను పెట్టలేదు. కాలరు లోపల నాలుగంచులా కుట్టేశాడు.

"దీన్ని వాడికి చేర్చు. సెలవు దొరికిన శుక్రవారం ఇంటికి రమ్మను."

"ఏ బట్టలతో రమ్మంటారు?"

జుందెల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చలికాలం కదా, ఇదే వేసుకుని రమ్మను."

ఒక శుక్రవారం, పొద్దుగుంకి విశ్రాంతిదినం మొదలయ్యే ముందు, జుందెల్ సందు చివరిదాకా ఎదురు వెళ్ళాడు. గెదల్యా బస్సు దిగాడు. ఇద్దరూ పక్కపక్కన నడిచారు.

"నీ దారి నాకింకా నచ్చలేదు."

"తెలుసు నాన్నా."

"చలేస్తోందా?"

"ఇప్పుడు లేదు."

కోళ్ళ కొట్టు మూస్తున్న హిర్ష్‌బేర్ గొంతెత్తాడు. "ఏమయ్యా జుందెల్, మన వీధిలోకి ఈ బట్టలా?"

జుందెల్ ఆగి, కొడుకు మెడ దగ్గర కాలరు మడిచి చీటీ చూపించాడు. "నేనే చూశానయ్యా. ఏ దోషమూ లేదు."

కాలరు సర్ది, వాడి భుజం మీద చెయ్యి అలాగే ఉంచాడు. "త్వరగా నడవరా. మీ అమ్మ దీపాలు వెలిగించే వేళయింది."