కార్డు పని ముగిసేదాకా

నిన్న మా ఆఫీసుకు పరీక్షించడానికి వచ్చిన కొత్త స్కానరును చేతిలోకి తీసుకుంటే వెనకవైపు వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనానికి సుజాతక్క గుర్తొచ్చింది. జ్వరమొచ్చిన పిల్లను చూసినట్టు ఆమె ప్రతి స్కానరునూ చెంపకు ఆనించి చూసేది. "ఖాళీగ కూసొని గూడ బ్యాటరీ తింటున్నది పిల్లా," అనేది.

సుజాతక్క దగ్గరే నా మొదటి ఉద్యోగం. సిరిసిల్ల నుంచి ఠాణే పక్కనున్న భివండీకి వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, పెట్టుకున్న కుటుంబం వాళ్లది. మా అమ్మానాన్నలు అలాంటి సాంచాల మీద కూలికి నేసినవాళ్లు. అంజూర్ ఫాటా దగ్గర, కింద వాళ్ల నాన్న సాంచాలు మోగుతుంటే, పై గదిలో ఆమె గోదాముల్లో పెట్టెల లెక్క తీసే స్కానర్లు తయారుచేసేది. ఆ మోతలో అరిచి మాట్లాడటం అలవాటై, ఇప్పటికీ నేను నోరు తెరిస్తే ఆఫీసులో పక్కవాళ్లు ఉలిక్కిపడతారు.

మాన్కోలిలో ఒక గోదాము మా స్కానర్లను వాడి చూస్తామంది. వాళ్లకు నచ్చకపోతే పై గదికి తాళమే. మధ్యాహ్నానికే బ్యాటరీలు అయిపోతున్నాయని ఫోన్లు వచ్చాయి. స్కాన్ చేసిన పెట్టెల లెక్క రాసుకునే లోపలి మెమరీ కార్డుకు సొంత గడియారం ఉండదు. స్కానరే దానికి టిక్కులు అందించాలి. కార్డు ఊరికే ఉన్నప్పుడు కూడా ఆ టిక్కులు పోతూ బ్యాటరీని తినేస్తున్నాయి. కార్డును నడిపించే ప్రోగ్రామును, అంటే డ్రైవరును, అక్క తిరగరాసింది. లెక్క రాయడం అవగానే, కరెంటు పోయిన సాంచె లాగా టిక్కులు ఠక్కున ఆగిపోయేవి. బ్యాటరీ సాయంత్రం దాకా వచ్చింది. మేం జిలేబీ కూడా తెప్పించుకున్నాం.

మర్నాడే గోదాము మేనేజరు పిలిపించాడు. లారీకెక్కిన పెట్టెల్లో కొన్ని కార్డులో లేవు. స్కాన్ చేయకుండా ఎక్కించారని, లోడింగ్ చేసే ఆడవాళ్లను ఆయన ఎండలో నిలబెట్టాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. అక్క తనే నాలుగు పెట్టెలు స్కాన్ చేసి చూసింది. ఆఖరిది కార్డులోకి ఎక్కలేదు. ఏం చెప్పబోతోందో అర్థమై నేను చెయ్యి పట్టి లాగాను.

"ఏంది అక్కా, చెప్తే మన పని ఖతం గదా."

"మనది పోతే పోనీ. ఆళ్ల పని పోతె ఎట్ల?"

తప్పు తన ప్రోగ్రాముదని అందరికీ వినపడేలా హిందీలో చెప్పింది. ఆడవాళ్లు నీడలోకి వచ్చారు. మేనేజరు మాకు ఒక్క వారం గడువిచ్చాడు.

"అయిపోయిందని మనమనుకున్నం. దానికింక జరంత పని మిగిలున్నది," అంది అక్క, కార్డును అరచేతిలో పెట్టుకొని. కార్డు తన పని ముగించుకునేందుకు చివర మరికొన్ని టిక్కులు ఇచ్చి, అప్పుడు ఆపాం. బ్యాటరీ నిలిచింది, పెట్టెలన్నీ లెక్కకొచ్చాయి, గది నిలిచింది.

ఆ తర్వాత అక్కకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరితో మాట్లాడినా, అవతలివాళ్లకంటే ముందు తను ఫోన్ పెట్టేసేది కాదు. "నేను గూడ కార్డునేనా అక్కా?" అని ఆటపట్టించేదాన్ని. నవ్వేది, అయినా పెట్టేది కాదు.

జబ్బుపడి చేరిన ఠాణే ఆసుపత్రి నుంచి ఆఖరిసారి ఫోన్లో మాట్లాడినప్పుడు, "ఇగ ఉంట పిల్లా," అంది. ఆమె పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఆమె ఊపిరి వినిపిస్తూ ఉంది. చాలాసేపటికి, "నువ్వొచ్చినంకనే ఆ గది నాకు ఇల్లు లెక్క అనిపించింది," అంది. అన్నేళ్లలో అంత మాట ఆమె నాతో ఎన్నడూ అనలేదు. ఆ గొంతు మళ్లీ ఒక్కసారి వినాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

ఇప్పుడు ఎవరితో మాట్లాడినా, ఉంటానన్నాక కాసేపు ఆగుతాను. "ఇంక పెట్టవేందే," అని అమ్మ విసుక్కుంటుంది. అసలు సంగతి ఆ తర్వాతే చెబుతుంది.